ట్యూనిస్ నగర సందర్శనము – కొన్ని ఆలోచనలు

విదేశానికి పోయివచ్చినవాడు వార్షిక సంచికకు ఒక వ్యాసం సమర్పించుకోవాలనేది మన కళాశాలలో ఆచారంగా స్థిరపడింది. గత వేసవి సెలవుల్లో ఉత్తరాఫ్రికాలోని ట్యూనిస్ నగరంలో తొమ్మిది రోజులు గడిపివచ్చాను. మా బావగారు ఉద్యోగరీత్యా అక్కడ ఉండటం వల్ల లభించిన అవకాశమే గాని, అధ్యాపకుని జీతంతో జరిగే పని కాదు. సంపాదకవర్గం వారు యాత్రాకథనం కోరారు. అయితే అక్కడ చూచినవాటికంటె, చూస్తున్నంతసేపూ నన్ను వేధించిన ఒక విషయాన్నే విద్యార్థుల ముందు, కళాశాల సంఘం పెద్దల ముందు ఉంచదలచాను. యాత్రావిశేషాలు కోరేవారికి కూడా కొంత దక్కకపోదు.

ట్యూనిస్‌ను సముద్రతీర రాజధాని అంటారు గాని, నగరానికీ సముద్రానికీ నడుమ లోతులేని ఉప్పునీటి సరస్సు ఒకటి ఉన్నది. ఆ సరస్సులో వేసిన కట్ట మీదుగా చిన్న రైలు రేవుదాకా పోయి, అక్కడినుంచి తీరం వెంట సాగుతుంది. ఆ దారిలో 'కార్తేజ్ హనిబల్' అనే స్టేషను ఉన్నది. రోము సేనలు క్రీ.పూ. 146లో నేలమట్టం చేసిన కార్తేజ్ నగరం అదే. ఏనుగులతో ఆల్ప్స్ పర్వతాలు దాటిన సేనాని పేరున్న ఆ స్టేషనులో బడిపిల్లలు పుస్తకాల సంచులతో తోసుకుంటూ దిగిపోయారు. నేనొక్కణ్ణే నామఫలకాన్ని చూస్తూ నిలబడ్డాను. 698లో అరబ్బులు ఆ ప్రాంతాన్ని జయించిన తరువాత ట్యూనిస్ పెరిగింది. కార్తేజ్ రాళ్ళు ట్యూనిస్‌కు తరలాయి.

ఆ తరలిన రాళ్ళను జైతూనా మసీదులో చూడవచ్చును. జైతూన్ అంటే ఏమిటో ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ప్రార్థనశాలలోని స్తంభాలు కార్తేజ్ శిథిలాలనుంచి తెచ్చినవి. ఒక స్తంభం తలకట్టు వలె మరొకటి లేదు. పరుల ఆలయాలలోనో, భవనాలలోనో నిలిచిన రాళ్ళు నమాజు వరుసల మధ్య ఏ సంకోచమూ లేకుండా నిలబడి ఉన్నాయి. మసీదు చుట్టూ బజార్లు. అత్తరు, పుస్తకాలు, కొవ్వొత్తులు వంటి సద్దులేని, కంపులేని సరకులు దగ్గర. చర్మాలు, రంగులు, కొలిమిపనులు దూరం. ఆరేడు వందల ఏళ్ళ కిందటి ఆ పట్టణ యోచన చూస్తే, మసీదు గోడకే వెల్డింగు దుకాణం ఆనుకొని ఉన్న మన ఊరు గుర్తుకు వచ్చింది. టోపీల బజారులో ఎర్ర ఉన్ని టోపీలు కుప్పలుగా పోసి ఉన్నాయి. హైదరాబాదు పెద్దలు పెట్టుకున్న రూమీ టోపీకి పొట్టి తమ్ముళ్ళవి. పదిహేడవ శతాబ్దిలో స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడి వచ్చిన ముస్లిములు ఆ విద్యను ఇక్కడ వర్ధిల్లజేశారు.

ఇక నన్ను వేధించిన విషయం. మసీదు ప్రాంగణంలో ఒక వృద్ధుడు నాకు సలాము చేశాడు. ప్రత్యుత్తరమిచ్చాను. ఆయన ఆదరంగా ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. మరల అడిగాడు. బాల్యంనుంచి అరబ్బీ అక్షరాలు నాలుకపై ఆడుతున్నవాణ్ణి, దుకాణాల పలకలన్నీ గడగడ చదువగలవాణ్ణి, ఒక ముసలాయన అడిగిన చిన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక చేతులు తిప్పుతూ నిలబడ్డాను. ఆయన ఫ్రెంచిలో ప్రయత్నించాడు. నేను ఇంగ్లీషులో ప్రయత్నించాను. చివరకు 'హింద్' అన్న ఒక్క మాటతో ఇద్దరమూ బయటపడ్డాము. ఇరవై ఏళ్ళు నేర్చినది నోట ఉండి కూడా పనికి రాకపోవటమంటే ఏమిటో ఆనాడు తెలిసింది.

ఆ సాయంకాలం ప్రధాన వీధిలో ఇబ్న్ ఖల్దూన్ విగ్రహం దగ్గర కూర్చున్నాను. ఫ్రెంచివారు 1881నుంచి 1956 వరకు ఏలినప్పుడు పాత నగరం గోడ వెలుపల కట్టుకున్న వీధి అది. ఎదుట వారి పెద్ద చర్చి. దానికి అభిముఖంగా, చేత పుస్తకం పట్టుకొని, ఆ ఊరి బిడ్డ. ఆ వీధిలోనే 2011 జనవరి 14న జనసముద్రం ఉప్పొంగి, ఇరవైమూడేళ్ళు ఏలిన అధ్యక్షుణ్ణి దేశంనుంచి పారిపోయేటట్లు చేసింది.

ఇబ్న్ ఖల్దూన్ 1332లో ట్యూనిస్‌లో పుట్టాడు. పదిహేడేళ్ళు నిండీ నిండకముందే మహామారి ఆయన తల్లిదండ్రులను, గురువులలో అనేకులను తీసుకుపోయింది. కొలువులు మారి, చెరసాలలు చూచి, చివరకు ఒక మారుమూల కోటలో కూర్చుండి 1377లో 'ముఖద్దిమా' రచించాడు. చరిత్రశాస్త్రానికి ఆయన చేసిన సేవను మన చరిత్ర శాఖవారు చెప్పగలరు. పూర్వులు రాసిన సైన్యాల సంఖ్యలను సైతం, అంతమంది ఆ నేలమీద నిలబడటానికి చోటున్నదా అని ప్రశ్నించినవాడని మాత్రం చెప్పి ఊరుకుంటాను. నాకు కావలసినది ఆ గ్రంథంలో చదువులను గురించిన భాగం.

ఆయన ఒక లెక్క చెబుతాడు. ఆ కాలంలో మదరసాలో విద్యార్థి ఉండవలసిన గడువు మొరాకో దేశంలో పదహారేళ్ళు, ట్యూనిస్‌లో ఐదేళ్ళు. పదహారేళ్ళు చదివినవాడు ఎక్కువ పండితుడు కావలె గదా! కాలేదంటాడు. కారణం కూడా చూపుతాడు. అక్కడి విద్యార్థులు సభలో నోరు విప్పరు. కంఠస్థం చేయటం మీదనే దృష్టి. విషయాన్ని గురించి మాట్లాడటం, వాదించటం అలవడితేనే విద్య వశమవుతుందని ఆయన మతం. సంక్షిప్త గ్రంథాలు పెరిగిపోయి చదువుకు చేటు తెస్తున్నవని మరొకచోట ఆక్షేపించాడు. ఆరున్నర శతాబ్దాల కిందట గైడులను తిట్టిన మహానుభావుడన్నమాట! పిల్లలను దండించి చదివిస్తే అబద్ధమూ కపటమూ నేర్చుకుంటారని కూడా హెచ్చరించాడు.

విద్యలను ఆయన రెండుగా విభజించాడు: బుద్ధితో సాధించేవి 'అఖ్లీ', పరంపరగా అందేవి 'నఖ్లీ'. ఇక్కడ తెలుగువాడిగా నాకు నవ్వు వచ్చింది. అరబ్బీ మాటలు మన తెలుగులోకి వచ్చి ఎన్ని వేషాలు వేశాయో చూడండి. వారికి తారీఖ్ అంటే చరిత్ర. మనకు తారీఖు అంటే జీతం వచ్చే రోజు. వారికి ఖితాబ్ అంటే ప్రసంగం. మనకు కితాబు అంటే మెప్పు. వారికి నఖ్ల్ అంటే గురువు నోటినుంచి శిష్యునికి అందే పరంపర. మన కచేరీలో నకలు అంటే ప్రతి, మన పరీక్షా మందిరంలో నకలు అంటే ఏమిటో పర్యవేక్షణకు పోయే అధ్యాపకులందరికీ తెలుసు.

కాని ఇది నవ్వి వదిలే విషయం కాదు. మన తరగతి గదులు ఎంత నిశ్శబ్దంగా ఉంటాయో చూచి తనిఖీకి వచ్చినవారు మనకు కితాబిస్తారు. ఆ నిశ్శబ్దం క్రమశిక్షణ అని నేనూ నమ్మేవాణ్ణి. అది భయమని నాకు ముందే తెలిసి ఉండవలసింది. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు తరగతిలో మొదటి సంవత్సరమంతా నేను నోరు విప్పలేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడి నోట 'ళ'కారం సరిగా పలకదని ఒకనాడు తరగతి గొల్లుమన్నది. పాఠం చెప్పేవారూ ఆ నవ్వులో పాలుపంచుకున్నారు. ఆ తరువాత నోట్సు బట్టీపట్టాను. మంచి మార్కులే వచ్చాయి. నలుగురిలో ఒక పద్యాన్ని గురించి నా అభిప్రాయం చెప్పటానికి మాత్రం మరి నాలుగేళ్ళు పట్టింది. అటువంటి నేనే ఈనాడు మన విద్యార్థులకు గంటసేపు నోట్సు చెప్పి రాయిస్తున్నాను. ఉర్దూ మాధ్యమంనుంచి వచ్చిన ఒక విద్యార్థిని నా తరగతిలో ఏడాదిపాటు పెదవి కదపలేదు. వరండాలో స్నేహితురాలికి అదే పాఠాన్ని ఉర్దూలో చెబుతుంటే విన్నాను. నేను చెప్పినదానికంటె బాగా చెప్పింది.

ఇబ్న్ ఖల్దూన్ పుట్టిన ఊరు కాబట్టి ట్యూనిస్ ఆయన మాట పాటించిందనుకుంటే పొరపాటు. జైతూనాలో కూడా చదువు క్రమంగా గడ్డకట్టింది. 1910లో అక్కడి విద్యార్థులే బోధన సంస్కరించమని సమ్మె చేశారు. అదే జైతూనాలో చదివిన తాహర్ హద్దాద్ 1930లో స్త్రీల హక్కులను గురించి గ్రంథం రాస్తే, పండితులు ఆయన పట్టాను రద్దు చేశారు. ఆయన 1935లో, చిన్న వయసులోనే, కన్నుమూశాడు. ఆయన కోరిన మార్పులలో ముఖ్యమైనవి 1956లో చట్టంలోకి ఎక్కాయి. ఆ గ్రంథంతో అందరూ ఏకీభవించనక్కరలేదు. మాట్లాడినందుకు పట్టా లాక్కోవటం మాత్రం విద్యాపీఠానికి తగిన పని కాదని నా అభిప్రాయం. పెద్దలు కొందరు నాతో విభేదించవచ్చును. విభేదించాలనే ఈ వ్యాసం.

మరో మార్గమూ అక్కడే ఉన్నది. 1875లో ఖైరుద్దీన్ పాషా స్థాపించిన సాదికీ కళాశాలలో అరబ్బీ, ఫ్రెంచి, ఆధునిక శాస్త్రాలు కలిపి బోధించారు. దేశ స్వాతంత్ర్యోద్యమ నాయకులు పలువురు అక్కడివారే. రెండు భాషలు రెండు బరువులు కానక్కరలేదని ఆ కళాశాల చూపింది. మన దగ్గర ఉర్దూ శాఖ ఒక వరండా, తెలుగు శాఖ ఒక వరండా. మధ్యన సైకిళ్ళ స్టాండు. ఈ సంచికలో సైతం ఉర్దూ పుటలు ఒకవైపునుంచి, తెలుగు పుటలు మరొకవైపునుంచి మొదలై నడుమ వీపులు తాకించుకుంటాయి.

కళాశాల సంఘం వారికి నా విన్నపం చిన్నది, ఖర్చు లేనిది. వారానికి ఒక గంట రెండు శాఖల విద్యార్థులను ఒకే గదిలో కూర్చోబెట్టాలి. ఎవరికి చేతనైన భాషలో వారు మాట్లాడాలి. పలుకుబడిని చూచి నవ్వినవారిని, అధ్యాపకులైనా సరే, బయటికి పంపాలి. అంతర్గత మార్కులలో కొన్ని నోటి మాటకు కేటాయించాలి. నా వంతుగా ఈ సంవత్సరం నోట్సు చెప్పి రాయించటం మానుకున్నాను. పరీక్షాఫలితాలు ఒక ఏడాది తగ్గితే నన్ను సంజాయిషీ అడగవచ్చును, ఇస్తాను.

కళాశాల తెరిచిన మొదటి వారంలోనే తరగతిలో ఈ ట్యూనిస్ కథ చెప్పి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగాను. చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరి బల్లనుంచి ఒకడు లేచి, సగం తెలుగులో సగం ఉర్దూలో, ఆ ఐదేళ్ళలో అక్కడ హాజరు ఎంత శాతం ఉండాలి సార్ అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది, వాడూ నవ్వాడు. ఆ వెంటనే మరో ఇద్దరు చేతులెత్తారు.