అయ్యుండి కూడా

ఏడో తరగతిలో మా తెలుగు మాస్టారు నాచేత పోతన పద్యం చదివించారు. ఎక్కడా తడబడకుండా చదివాను. మాస్టారు నిజంగానే సంతోషించారు. నా వీపు తట్టి, "చూశార్రా, తురకోడయ్యుండి కూడా ఎంత చక్కగా చదివాడో!" అన్నారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయలు తోలి ఇంటికొచ్చిన అబ్బాకి ఆ మాట పొంగిపోతూ చెప్పాను. అబ్బా నవ్వలేదు. "బాగా చదివాడు అంటే సరిపోయేది గదరా" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

తిడితే తిరగబడొచ్చు. మెచ్చుకుంటే ఏం చేస్తాం? కానీ ఆ మెచ్చుకోలులో ఒక తీర్పుంది. ఈ భాష మాది, నువ్వు చుట్టపుచూపుగా వచ్చావు, వచ్చినవాడివి మర్యాదగా నడుచుకున్నావు, శభాష్ అని.

ఈ శభాష్‌లు ఒక మహాకవికి జీవితమంతా తగిలాయి. ఆయన బెంగాలీ. బెంగాల్ మనకి పరాయిదేం కాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడితే చిలకమర్తి తెలుగు చేశాడు. రాయప్రోలు శాంతినికేతన్‌లో చదువుకొచ్చాడు. చలం గీతాంజలిని తెలుగులోకి తెచ్చాడు. శరత్ బాబుని తెలుగువాడే అనుకుని చదువుకున్నాం. బంకించంద్రుడి 'ఆనందమఠం' మనకి దేశభక్తి పాఠమైంది. అందులో ముసల్మానుల్ని ఎట్లా చూపించాడో అడిగినవాళ్ళు ఎందరు? ఇంత బెంగాల్ని తెచ్చిపెట్టిన బడిలో, లైబ్రరీలో నాకు కాజీ నజ్రుల్ ఇస్లాం మాత్రం ఎదురుపడలేదు.

1899 మే 24న బర్ద్వాన్ జిల్లా చురులియాలో పుట్టాడు. తండ్రి మసీదు ఇమాం. తండ్రి పోయాక ఆ పసివాడే మసీదులో అజాన్ ఇచ్చాడు. ఊరి నాటకాలాడే జట్టులో చేరి పాటలు కట్టాడు. రొట్టెల దుకాణంలో పనిచేశాడు. సిపాయిగా కరాచీ వెళ్ళి అక్కడ పారశీ నేర్చుకున్నాడు. 1922లో అచ్చయిన 'బిద్రోహి' బెంగాల్ని కుదిపేసింది. అదే ఏడు తన పత్రిక 'ధూమకేతు'లో దుర్గమ్మ రాకను అడ్డం పెట్టుకుని తెల్లదొరతనం మీద కవిత రాస్తే ఏడాది జైలు పడింది. జైల్లో నెలకు పైగా అన్నం ముట్టలేదు. అప్పుడే రవీంద్రుడు తన 'బసంత' నాటకాన్ని ఆయనకి అంకితమిచ్చాడు.

కాళిమాత మీదా పాడాడు, రంజాన్ మీదా పాడాడు. హిందువుల పిల్ల ప్రమీలని పెళ్ళాడాడు, మతం మారమనలేదు. మొదటి కొడుక్కి పెట్టుకున్న పేరు కృష్ణ మహమ్మద్. ఆ పిల్లాడు పసితనంలోనే పోయాడు. బతికుంటే ఆ పేరుకి ఏ ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు? ఏ ఖబరస్తాన్‌లో చోటిచ్చేవాళ్ళు?

మౌల్వీలు నజ్రుల్‌ని కాఫిర్ అన్నారు. హిందూ పెద్దలకి ఆయన కవిత్వంలో అరబీ, పారశీ మాటలు గొంతులో ముల్లయ్యాయి. 1927లో రవీంద్రుడంతటివాడు బెంగాలీ కవిత్వంలో నెత్తురుని 'ఖూన్' అనడం తప్పుపడితే, ఆ దెబ్బ తనకేనని నజ్రుల్ వ్యాసం రాసి జవాబిచ్చాడు. అయ్యా, మీ రైతు అరబీ నుంచి వచ్చాడు. మీ వకీలు, మీ తారీఖు, మీ జమాబందీ, మీ దస్తావేజు ఎక్కణ్ణించి వచ్చాయి? పొలం గట్టు మీద, కోర్టు అరుగు మీద పనికొచ్చిన మాట పద్యంలోకి వస్తే మైలపడుతుందా?

1942లో జబ్బు చేసి నజ్రుల్ మాట పడిపోయింది. మాట్లాడలేని మనిషిని రెండు వైపులా పంచుకున్నారు. పాకిస్తాన్ రోజుల్లో ఆయన రచనల్లోంచి హిందూ మాటలు ఏరేయాలని చూసినవాళ్ళున్నారు. ఇటువైపు శ్యామా సంగీతం ఒక్కటే చూపించి "ముస్లిం అయ్యుండి కూడా" అని మురిసేవాళ్ళున్నారు. 1976లో ఢాకాలో కన్నుమూసేదాకా ఈ రెండు కత్తెర్లకీ జవాబు చెప్పే నోరు ఆయనకి లేదు.

మనకున్న నజ్రుల్ సంగతి చూద్దాం. మా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నర్సాపురం. 1945లో ఉమర్ అలీషా కన్నుమూసింది అక్కడే. పిఠాపురంలో 1885లో పుట్టినవాడు. పద్యం, నాటకం రాశాడు. ఢిల్లీ శాసనసభలో కూర్చున్నాడు. ప్రవక్త చరిత్రను తెలుగులో రాశాడు. ఒక పుస్తకానికి 'సూఫీ వేదాంత దర్శము' అని పేరు పెట్టాడు. ఆయన మీద జరిగిన ఒక సభకి వెళ్ళాను. వక్తలు వేదాంతం గురించి గంటసేపు చెప్పారు. పేరులో ముందున్న సూఫీ ఊసే లేదు. చివర్లో అధ్యక్షులవారు తీర్పిచ్చారు: "ముస్లిం అయ్యుండి కూడా!"

ఒక లెక్క అడుగుతాను. ఉమర్ ఖయ్యాంని ఉమర్ అలీషా తెలుగు చేశాడు. దువ్వూరి రామిరెడ్డి పారశీ నేర్చుకుని 'పానశాల'గా తెలుగు చేశాడు. నజ్రుల్ బెంగాలీలోకి తెచ్చాడు. దువ్వూరిని ఎవరైనా "హిందువయ్యుండి కూడా" అన్నారా? అనరు. అనకూడదు. ఆయన కవి. తనకి నచ్చినదాన్ని తెచ్చుకున్నాడు. మరి ఉమర్ అలీషా ఏం చేశాడు? పుట్టిన ఊరి భాషలో రాసుకున్నాడు. దానికి ప్రత్యేకంగా దండ ఎందుకు?

మనవాళ్ళకీ ఒక మాట. తెలుగులో రాసే ముసల్మాను అరకొర ముసల్మాను అని గొణిగే పెద్దలారా, నజ్రుల్‌ని కాఫిర్ అన్న నోటికీ మీ నోటికీ తేడా ఏమిటి? ఆయన కట్టిన పాట ఈనాటికీ బెంగాలీ ముసల్మానుల ఈద్ పాట. కాఫిర్ అన్నవాళ్ళ పేర్లు ఎందరికి గుర్తు?

2022లో మా కోనసీమ జిల్లా అయింది. ఆ పేరుకి అంబేడ్కర్ పేరు చేరుస్తామంటే మే 24న అమలాపురం మండింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలాయి. 'గుడిసెలు కాలిపోతున్నై' అని రాసిన బోయి భీమన్న మా మామిడికుదురులోనే పుట్టాడు. మే 24 నజ్రుల్ పుట్టినరోజు కూడా. రెండు తేదీలు కలవడం యాదృచ్ఛికమే. రెండు చోట్లా మండిందాంట్లో యాదృచ్ఛికం లేదు. ఫొటోకి దండ వేసినన్నాళ్ళూ "దళితుడయ్యుండి కూడా ఎంత చదివాడో" అన్నవాళ్ళకి, ఆ పేరు తమ చిరునామాలో కనబడేసరికి కడుపు మండింది. "అయ్యుండి కూడా" గడప బయట చెప్పే మాట. మనిషి లోపలికి వచ్చి కూర్చుంటే దాని రంగు తేలిపోతుంది.

సెక్యులర్ మిత్రులారా, మీరు తిట్టరని నాకు తెలుసు. మీ మెచ్చుకోలే నాకు బరువు. నజ్రుల్‌ని చదవండి, కాళి పాటలతో, ఈద్ పాటతో, ఖూన్‌తో సహా. ఉమర్ అలీషాని చదవండి, వేదాంతంతో, సూఫీతో సహా. మా పద్యం బాగుంటే బాగుందనండి. చెత్తగా ఉంటే మొహం మీద చెప్పండి. తెలుగు కవిని తిట్టినట్టే తిట్టండి.

అబ్బా ఇప్పుడు లేడు. ఆయన అడిగింది ఒక్క మాటే. బాగా చదివాడు అంటే సరిపోయేది.