గుర్రపు డెక్కకు రెండు ముక్కు పురుగులు

కాలువలు కట్టేసే రోజులు రాగానే గుర్రపు డెక్క తీయించే పని మొదలవుతుంది. మొలలోతు మురుగునీళ్ళలో దిగి, దురదలు పడుతూ డెక్కను ఒడ్డుకు లాగేది కూలీలు. బిల్లు తీసుకునేది కాంట్రాక్టరు. నీళ్ళు వదిలాక డెక్క మళ్ళీ అల్లుకుంటుంది. శివారు రైతుకు మళ్ళీ నీటి ఎద్దడే.

ఇది దక్షిణ అమెరికా మొక్క. పూలు అందంగా ఉన్నాయని 19వ శతాబ్దం చివర బెంగాల్‌కు తెచ్చారు. మొక్క వచ్చింది గాని దాన్ని తినే పురుగులు వెంట రాలేదు! ఆ పురుగుల్లో రెండు రకాలను 1980లలో మన దేశానికి తెప్పించి, పంటల జోలికి పోవని పరీక్షించి, 1983-84లో బెంగళూరు పరిసరాల చెరువుల్లో వదలడం మొదలుపెట్టారు. రెండు మూడేళ్ళలో కొన్ని చెరువుల్లో డెక్క చాలావరకు పోయింది.

రెండూ బియ్యపు గింజంత ముక్కు పురుగులే. నియోకెటినా ఐకోర్నియే ఒకటి, నియోకెటినా బ్రూకి రెండోది. రెండూ రాత్రిపూట ఆకు గోకి తింటాయి. వీటి పిల్లపురుగులు కాడలు తొలుచుకుంటూ మొక్క మొదలుకు దిగుతాయి. ఒకే తిండి తినేవాటిలో ఒకటి రెండోదాన్ని వెళ్ళగొట్టదా? వెళ్ళగొట్టడం లేదు. బ్రూకి ఉబ్బిన కాడల్లో గుడ్లు గుంపుగా పెడుతుంది. ముదురాకుల వైపు దాని మొగ్గు. ఐకోర్నియే లేతాకుల్లో ఒక్కొక్కటిగా పెడుతుంది. మురుగు కలిసి డెక్క బలిసినచోట బ్రూకిది పైచేయి. సత్తువలేని డెక్క మీద ఐకోర్నియే నెట్టుకొస్తుంది. ఒక కాలువలోనే ఊరి మురుగు కలిసేచోట ఒకరకం నీరు, దిగువన మరోరకం నీరు ఉంటాయి కదా! అందుకే రెండూ కావాలి.

అయితే ఇది ఒక్క సీజన్లో తేలే పని కాదు. ఐకోర్నియే ఒక తరం పూర్తికావడానికే సుమారు నాలుగు నెలలు పడుతుంది. ఈలోగా కలుపు మందు కొట్టిస్తే మొక్కతో పాటు కాడలోని పిల్లపురుగూ పోతుంది. కుళ్ళిన డెక్కతో చేపలూ చస్తాయి. ఊరి మురుగును కాలువలోకి వదులుతున్నంతకాలం డెక్కకు ఎరువు వేస్తున్నట్టే, ఏ పురుగూ దాని వేగాన్ని అందుకోలేదు. డెక్క తీయించక తప్పనిచోట కూలీలకు బూట్లు, చేతి తొడుగులు ఇవ్వాలి, కొంతమేర డెక్కను పురుగుల కోసం వదలాలి.

మందు కొట్టించే ముందు ఏ అధికారి అయినా గట్టుమీద వంగి ఒక ఆకు చూశాడా? ఆకు మీద గోకినట్టు చిన్న చిన్న మచ్చలుంటే అక్కడ పురుగు పనిలో ఉన్నట్టే.