మంచం ప్రక్కన ఒక కాగితం

మలేరియా అనగానే మనకు దోమ, చేదుమాత్ర జ్ఞప్తికి వస్తాయి. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ రోగక్రిమిని కనుగొన్న సంగతి బడిపిల్లలకు సైతం తెలుసు. కాని వ్యాధి ముదిరి స్పృహ తప్పిన రోగి ఆసుపత్రి చేరిన తరువాత, అతని మంచం ప్రక్కన ఉండే ఒక అచ్చుకాగితం మీద కూడా ప్రాణం ఆధారపడి ఉంటుందని ఎరిగినవారు తక్కువ. ఏ గంటకు ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడెప్పుడు ఏమి పరీక్షించాలి అని ముందుగానే నిర్ణయించి ఉంచిన సంరక్షణ ప్రణాళిక అది.

మంచి మందు ఉండగా కాగితమెందుకని మీరు అడగవచ్చు. మందు మంచిదే. భారత్, బంగ్లాదేశ్, మయన్మార్, ఇండొనేషియాలలో 1,461 మంది రోగులపై జరిపి 2005లో ప్రకటించిన పరిశోధనలో, క్వినైన్ పొందినవారిలో నూటికి 22 మంది మరణించగా ఆర్టిసునేట్ పొందినవారిలో 15 మంది మరణించారు. అంటే ఉత్తమమైన మందు ఇచ్చినా ఆ 15 మంది దక్కలేదు. ఆ మందుకైనా వేళ తప్పకూడదు: చేరిన వెంటనే ఒక సూది, 12 గంటలకు మరొకటి, 24 గంటలకు ఇంకొకటి, ఆపైన రోజుకొకటి. మోతాదు కిలో బరువుకు 2.4 మిల్లీగ్రాములు; 20 కిలోల లోపు పిల్లలకు 3. కనుక మొదట నింపవలసిన గడి రోగి బరువు.

ఇక రాత్రి రెండు గంటల సంగతి. రోగి కదలక పడి ఉన్నాడు. అది మెదడుకు సోకిన మలేరియా కావచ్చు; రక్తంలో చక్కెర పడిపోవడమూ కావచ్చు. చూపుకు రెండూ ఒక్కటే. రెండవది గ్లూకోజుతో నిమిషాలలో సరిదిద్దవచ్చు, గమనించకపోతే ప్రాణాంతకం. పిల్లలలో, గర్భిణులలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. క్వినైన్ తానే చక్కెరను తగ్గిస్తుంది కూడా. నాలుగేసి గంటలకొకసారి రక్తపు చుక్క పరీక్షించమని ప్రణాళిక చెప్పేది అందుకే.

సెలైన్ విషయమూ అంతే. సీసా ఎక్కిస్తేనే వైద్యం జరిగినట్లు మనవాళ్ళ నమ్మకం! ఆఫ్రికాలో తీవ్ర జ్వరపీడితులైన 3,141 మంది పిల్లలపై జరిగిన పరిశోధన 2011లో వేరే మాట చెప్పింది. త్వరత్వరగా ద్రవం ఎక్కించిన పిల్లలలోనే మరణాలు హెచ్చాయి. వారిలో సగానికి పైగా మలేరియా రోగులు. అందుచేత ఎక్కించిన ద్రవమూ, వచ్చిన మూత్రమూ కొలిచి వ్రాయవలసిందే.

రోగులందరూ ఒకే తీరున ఉండరు కదా అని కొందరు వైద్యులు ఆక్షేపిస్తారు. నిజమే. కారణం వ్రాసి ప్రణాళికను మార్చే అధికారం వైద్యునికి ఎప్పుడూ ఉన్నది. నాకు తోచే భయం మరొకటి: ఉదయం ఆరింటికి కూర్చుని రాత్రి గడులన్నీ ఒకే కలంతో నింపివేయడం. ఒక్క నర్సుకు నలభై మంచాలు అప్పగించిన చోట ఆమెను మాత్రం ఏమనగలం?

జ్వరం తగ్గి ఇంటికి పంపేనాడు కాగితంలో చివరి భాగం మిగిలి ఉంటుంది. వైవాక్స్ రకం క్రిములు కాలేయంలో దాగి నెలల తరువాత మళ్ళీ లేస్తాయి గనుక, మన జాతీయ విధానం ప్రకారం ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. గర్భిణులకు అది పనికిరాదు. జి-6-పి-డి లోపమున్నవారికి రక్తకణాలు చిట్లవచ్చు. ఆర్టిసునేట్ సూదులు పొందినవారిలో కొందరికి వారాల తరువాత రక్తం క్షీణిస్తుంది. అందుకని నాలుగు వారాల వరకు రక్తపరీక్షకు రావలసిన తేదీలను ఇంటికిచ్చే చీటీమీద అంకెలలో వ్రాసి, వెంట వచ్చిన వారికి చదివి వినిపించాలి.