మత్తు డాక్టరుకు ముందే చెప్పండి

ప్రశ్న: మేము వైశ్యులం. ఆపరేషనయ్యాక మా అన్నయ్యకు మూడు గంటలదాకా ఊపిరి స్వయంగా ఆడలేదు. ఇప్పుడు నాకు హెర్నియా ఆపరేషన్ చేయాలంటున్నారు. భయంగా ఉంది.

జవాబు: భయపడకండి, ఈ సంగతి మాత్రం దాచకండి. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్ కోలీన్ ఇంజెక్షన్ వాడుతుంటారు. మన లివరు తయారుచేసే ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైము లోపిస్తే మందు గంటల తరబడి వదలదు. అంతసేపూ యంత్రంతో శ్వాస అందిస్తే మనిషి కోలుకుంటాడు. మీ అన్నగారికి జరిగింది ఇదే కావచ్చు.

ఈ లోపం వైశ్యుల్లో ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఏనాడో ఒక పూర్వీకుడి జన్యువులో చిన్న మార్పు వచ్చింది. కొద్ది కుటుంబాలతో మొదలై, తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న కులంలో అది పెరిగింది. కొద్ది చీట్లలోంచి తీస్తే ఒకే పేరు పదేపదే వచ్చినట్టే ఇది. ఆ మార్పువల్ల మేలు ఉండీ కాదు, ఎవరి పాపమూ కాదు.

తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ప్రమాదం. అన్నకు ఉంటే మీకు కనీసం నాలుగింట ఒక వంతు అవకాశముంది. ముందుగా సూడోకోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించుకోండి. తక్కువని తేలినా ఆపరేషన్ మానక్కర్లేదు, వేరే మందులున్నాయి. ఆ రిపోర్టు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.