శాసనసభకు సెలవెప్పుడు?

శాసనసభ యెప్పుడు కూడవలెను, ఎంతకాలము విరమింపవచ్చును అను ప్రశ్న గవర్నర్లకును, సభాపతులకును, న్యాయవాదులకును మాత్రమే సంబంధించినదని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. ఇది పొరపాటు. పన్ను విధించువారు, ఆ సొమ్మును వ్యయపెట్టువారు ప్రజాప్రతినిధుల యెదుట నిలిచి సమాధానము చెప్పవలసిన స్థలము శాసనసభయే. దాని తలుపులు మూసియున్నన్నినాళ్లు అడుగువారి నోరును మూయబడియే యుండును.

పరప్రభుత్వదినములలో ఈ తలుపుల తాళపుచెవి మన చేత లేదు. 1935 నాటి ఇండియా ప్రభుత్వచట్టము రాష్ట్రశాసనసభ యేటికొక్కమారు కూడిన చాలుననెను. సభను పిలుచు అధికారమును గవర్నరు విచక్షణకు విడిచెను. స్వతంత్రభారత రాజ్యాంగము 174వ అధికరణమున ఏటికి రెండుమారులైనను సభ కూడవలెననియు, ఒక సమావేశపు కడపటి దినమునకును, మరుసటి సమావేశపు తొలి దినమునకును నడుమ ఆరునెలలు గడువరాదనియు విధించెను. 1951లో జరిగిన మొదటి సవరణచే 'రెండుమారులు' అను నియమము తొలగి, ఆరునెలల హద్దు మాత్రము మిగిలినది.

రాజ్యాంగ పరిషత్తులో 1949లో పార్లమెంటు సమావేశములను గూర్చి చర్చ జరిగినపుడు ఈ గడువు చాలదని కొందరు సభ్యులు శంకించిరి. డాక్టరు అంబేద్కరు ఆ శంకను త్రోసిపుచ్చుచు, ఇకమీద సభలు ఎంత తరచుగా, ఎంత దీర్ఘముగా జరుగుననగా సభ్యులే విసుగు చెందుదురేమో యని సమాధానమిచ్చిరి. ప్రజలకు జవాబుదారియైన ప్రభుత్వము ప్రజాసభకు వెఱవదని ఆ మహాశయుని విశ్వాసము. ఆ విశ్వాసమును మన ప్రభుత్వములు నిలుపుకొన్నవా?

ఇచ్చట నియమము యొక్క లోపమును గ్రహింపవలెను. రాజ్యాంగము విరామమునకు హద్దు పెట్టినది గాని కూడియుండవలసిన దినములకు లెక్క పెట్టలేదు. ఆరునెలలకొక దినము సభ కూడి, సంతాపతీర్మానము చేసి లేచిపోయినను అక్షరము నెరవేరును, ఆత్మ నశించును. 2024లో హర్యానా శాసనసభ మార్చి 13వ తేదీన కూడిన పిమ్మట మరల కూడనేలేదు. ఆరునెలలు నిండవచ్చినపుడు, ఎన్నికలు సమీపించియున్నందున, సభను పిలుచుటకు మారుగా మంత్రివర్గపు సలహాపై సెప్టెంబరు 12వ తేదీన సభనే రద్దుచేసిరి.

సభ ఆగుటలో మూడు విధములు గలవు. ఒకనాటినుండి మరియొకనాటికి గాని, తేదీ చెప్పక గాని సభాపతి వాయిదా వేయుట మొదటిది. సమావేశమునే ముగించుచు గవర్నరు ప్రొరోగు చేయుట రెండవది. సభనే రద్దుచేయుట మూడవది. ఈ భేదములు పుస్తకములలో చిన్నవిగా కన్పట్టును. ఆచరణమున మిక్కిలి పెద్దవి.

సభ సమావేశమున లేనప్పుడే గవర్నరు 213వ అధికరణము క్రింద ఆర్డినెన్సు చేయగలడు. సభ మరల కూడిన ఆరువారములకు అది చెల్లకపోవలెను. బీహారులో 1967 మొదలు 1981 వరకు 256 ఆర్డినెన్సులు వెలువడెను. సభకు చూపకయే మరల మరల జారీచేయుటచే వానిలో కొన్ని పదునాలుగేండ్ల వరకు బ్రదికెను. 1986లో వాధ్వా వ్యాజ్యమున సుప్రీముకోర్టు దీనిని రాజ్యాంగమునకు జేసిన మోసముగా ఖండించెను.

ప్రొరోగు చేయుటచే ఒక కీడైన, చేయకుండుటచే మరియొకటి. తెలంగాణములో 2021 అక్టోబరులో వాయిదాపడిన సభను ప్రొరోగు చేయక, 2022 మార్చిలో బడ్జెట్టుకై కూర్చినందున అది పాత సమావేశమే యనిరి. గవర్నరు ప్రసంగము లేకయే సభ ప్రారంభమయ్యెను. 2023 నవంబరులో పంజాబు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ప్రొరోగు కాని సభను మరల కూర్చుటకు సభాపతికి అధికారము గలదనుచునే, సమావేశమును ఎన్నటికిని ముగింపక నిలుపరాదని హెచ్చరించెను.

విరామము మంత్రులకు మాత్రమే గాదు, సభాపతికిని ఆయుధము కాగలదు. 1968 మార్చిలో పంజాబు సభాపతి, బడ్జెట్టు పని ముగియకుండగనే, సభను రెండునెలలు వాయిదా వేసెను. గవర్నరు సభను ప్రొరోగు చేసి, వెంటనే మరల పిలువవలసివచ్చెను. ఆ చర్య చెల్లునని అదే యేట సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను.

సభ యేడాది పొడవున కూడియుండవలెనని మేమనుట లేదు. మంత్రులకు పాలనకు వ్యవధి కావలెను; సభ్యులు తమ నియోజకవర్గములలో తిరుగవలెను. విరామము తప్పుగాదు. లెక్క చెప్పవలసినవాడే కచేరి తాళపుచెవిని మొలలో దోపుకొనుట తప్పు.

కావున మూడు పనులు జరుగవలెను. సంవత్సరమునకు కనీసమిన్ని దినములు సభ కూడవలెనని శాసనము కావలెను. జస్టిస్ వెంకటాచలయ్యగారి అధ్యక్షతన కూడిన రాజ్యాంగ సమీక్షా సంఘము 2002లోనే పెద్ద రాష్ట్రముల సభలకు 90 దినములు, 70మందికి తక్కువ సభ్యులు గల సభలకు 50 దినములు ఉండవలెనని సూచించెను. ఏటి మొదటనే సమావేశముల తేదీలు ప్రకటింపబడవలెను. సభ్యులలో నిర్ణీతసంఖ్యాకులు వ్రాతమూలముగా కోరినపుడు, మంత్రివర్గము కిష్టమున్నను లేకున్నను, సభ కూడితీరవలెను.

ఏ పార్టీ అధికారమున నున్నను ఈ మాట అప్రియముగనే యుండును. నిన్న ప్రతిపక్షముననుండి దీనిని కోరినవారే నేడు గద్దెపైనుండి మరచెదరు. కావున దీనిని మరువకుండవలసినవారు ప్రజలు. ఓటడుగ వచ్చినవారిని రోడ్డు గూర్చియు, నీరు గూర్చియు అడుగుదుము. గడచిన యేట మీ సభ ఎన్ని దినములు కూడినది, వానిలో మీరెన్ని దినములుంటిరి, ఏమడిగితిరి అని గూడ అడుగుదము. అడుగువారున్నచోటనే తలుపులు తెరువబడును.