ఉంగరం ఎవరిని కాపాడింది?

అభిజ్ఞాన శాకుంతలాన్ని తరగతిలో చదివించే పద్ధతి ఒకటి మనలో పాతుకుపోయింది. ఇక్కడ ఉపమ, అక్కడ అర్థాంతరన్యాసం, ఈ అంకానికి ముందున్నది విష్కంభం, ఆ అంకానికి ముందున్నది ప్రవేశకం అంటూ లక్షణాలు వల్లె వేయించి, విద్యార్థికి నాటకం అర్థమైందని తీర్మానిస్తారు. పనిముట్ల పేర్లు చెప్పగలిగిన ప్రతివాడూ వడ్రంగి అవుతాడా? ఆ పనిముట్టుతో కవి ఏం చేశాడు, దానివల్ల నాటకంలో ఎవరికి మేలు జరిగింది అని అడగనిదే శిల్పచర్చ మొదలే కాదు.

శాపాన్నే తీసుకుందాం. వ్యాసుడి ఆదిపర్వంలో గాని, నన్నయ తెలుగులో గాని శాపమూ లేదు, ఉంగరమూ లేదు. శకుంతల ఎవరో దుష్యంతుడికి తెలుసు. తెలిసే నిండుసభలో ఎరగనన్నాడు. ఆకాశవాణి పలికిన తర్వాత, లోకం శంకిస్తుందని అలా చేశానని సంజాయిషీ చెప్పుకున్నాడు. కాళిదాసు ఈ కథలోకి దూర్వాసుడి శాపాన్నీ, ఆనవాలు ఉంగరాన్నీ తెచ్చాడు. దాంతో రాజు ఆడిన అబద్ధం మరుపుగా మారింది. తప్పంతా శకుంతల పరధ్యానం మీదికీ, ముని కోపం మీదికీ, ఉంగరం జారిన నీళ్లమీదికీ పోయింది. నాయకుడు మచ్చ లేకుండా మిగిలాడు. నాయకుడికి తగనిది మూలకథలో ఉంటే దాన్ని వదిలెయ్యాలి, లేదా మార్చాలి అని తర్వాతి కాలపు దశరూపకం సూత్రమే చేసింది. ఔచిత్యం ఎవరి పక్షాన నిలబడిందో తెలుసుకోవడానికి ఇంతకన్న సాక్ష్యం కావాలా?

ఇక భాష సంగతి. నాట్యశాస్త్రం పాత్ర అంతస్తును బట్టి భాషను పంచిపెట్టింది. రాజుకు సంస్కృతం, శకుంతలకు ప్రాకృతం, జాలరికి మరింత కింది ప్రాకృతం. ఇది వట్టి సహజత్వం కోసమే అయితే, బ్రాహ్మణుడైన విదూషకుడు ప్రాకృతం ఎందుకు మాట్లాడాలి? నవ్వించేవాడికి పెద్దభాష తగదనా? 1897 నాటి ప్రతాపరుద్రీయంలో వేదం వేంకటరాయశాస్త్రిగారు పాత్రోచితభాష పేరుతో తెలుగులోనూ ఈ అంతరాన్ని పాటించారు. పెద్దపాత్రలకు గ్రాంథికం, చిన్నపాత్రలకు వాడుక.

అయితే, “రాజుల కవితో మనకేం పని?” అని కాళిదాసును అవతల పారేసే మిత్రులు మనలో ఉన్నారు. వారిదీ పండితుల దోషమే. పండితుడు అలంకారం పేరు చూసి ఆగిపోతాడు. మిత్రుడు కిరీటం చూసి ఆగిపోతాడు. నాటకాన్ని ఇద్దరూ చదవరు.

అయిదో అంకం చూడండి. వేలికి ఉంగరం లేదు గనక శకుంతల మాటకు విలువ లేదు. ఆడదాని మాట చాలదు, వస్తువే సాక్ష్యం. అప్పుడామె రాజును “అనార్యుడా” అని ముఖం మీదే అంటుంది. ఆ మాట ప్రాకృతంలో ఉంది. శాస్త్రం తక్కువ చేసిన భాషలోనే సింహాసనానికి తగలవలసిన దెబ్బ తగిలింది.

ఆరో అంకానికి ముందున్న ప్రవేశకం ఇంకా గొప్పది. చేప కడుపులో ఉంగరం దొరికిన జాలరిని రక్షకభటులు దొంగ అని కట్టి తెస్తారు. వాళ్ల అధికారి స్వయానా రాజుగారి బావమరిది. ఎంత పవిత్రమైన వృత్తి అని అతను వెక్కిరిస్తే, పుట్టుకతో వచ్చిన పని విడవరానిదనీ, దయగల శ్రోత్రియుడు కూడా యజ్ఞంలో పశువును చంపుతాడు గదా అనీ జాలరి జవాబిస్తాడు. చివరికి రాజు ఉంగరం వెల అతనికి ఇప్పిస్తాడు. అందులో సగం భటుల పాలు. చంపడానికి చేతులు దురదపెట్టినవాళ్లే స్నేహితులై సారాకొట్టుకు దారితీస్తారు.

తప్పు చేసిన రాజుకు కవి శాపాన్ని అడ్డుపెట్టాడు. తప్పు చేయని జాలరికి ఏ అడ్డూ లేదు. అంకం లోపల చోటు దక్కని అతను, అంకం వాకిట్లో నిలబడి యజ్ఞాన్నీ ఠాణానూ కలిపి ప్రశ్నించాడు. కాళిదాసు తన వర్గపు కట్టుబాట్లలోనే రాశాడు, కాని చూసినదాన్ని దాచలేదు. శిల్పాన్ని చదవడమంటే ఈ రెంటినీ ఒక్కచూపులో పట్టుకోవడం.

కనక అధ్యాపక మిత్రులకు ఒక మనవి. “ప్రవేశక లక్షణము వ్రాయుము” అన్న ప్రశ్న ఇక చాలు. జాలరిని ప్రవేశకంలోనే ఎందుకు నిలబెట్టారో అడగండి. విద్యార్థి తడుముకుంటాడు, నిజమే. తడుముకోనివ్వండి. లక్షణం అప్పగించడం కంటే ఆ తడుములాటే సాహిత్య విద్యకు దగ్గర.