ఆరున్నర మిల్లీమీటర్ల నేరం

"నెట్లో నాలుగు పేజీలు చదివి డాక్టర్లకే పాఠాలు చెప్తున్నాడు" అనుకునేవాళ్ళు నిరభ్యంతరంగా అనుకోండి. ఈ టపా రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మూడేళ్ళ క్రితం సంగతి. పిల్లల కోసం హైదరాబాదులో ఓ ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నాం. మొదటి నెల మందులేవీ లేకుండా ఫాలిక్యులర్ స్టడీ చేశారు. అంటే రోజు విడిచి రోజు స్కాన్ తీసి గుడ్డు ఎంత పెరిగిందో, గర్భాశయం లోపలి పొర ఎంత మందం ఉందో చూడటం. పదమూడో రోజున పొర 8.8 మి.మీ. "చాలా బాగుంది" అన్నారు. మరుసటి నెల ఐదు రోజులు క్లోమిఫిన్ మాత్రలు వాడించి మళ్ళీ చూశారు. ఈసారి 6.5. "లైనింగ్ పల్చగా ఉందమ్మా, ఈ నెల ఐయూఐ చేసినా లాభం లేదు" అని ఆపేశారు. పోయిన నెల బానే ఉంది కదండీ అంటే "ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది" అన్నారు. అంతే!

మేం ఇంటికొచ్చేసరికి ఈ ముక్క మా అమ్మ చెవిన పడింది. ఇహ చూడండి. పెద్దమ్మ ఫోన్ చేసి నువ్వులుండలు తినమంది. పిన్ని దానిమ్మకాయలు పట్టుకొచ్చింది. ఓ పెళ్ళిలో ఎవరో పెద్దావిడ "పాపం, ఆ అమ్మాయికి గర్భసంచి బలం లేదట" అనడం మా ఆవిడే స్వయంగా వింది. నావైపు లెక్కలు మాత్రం ఎవరూ అడగలేదు లెండి.

సరే, విషయానికొద్దాం. నెలసరి అయిపోగానే ఈ పొర రెండు నుంచి నాలుగు మి.మీ. ఉంటుంది. గుడ్డు పెరుగుతుంటే దాంతో వచ్చే ఈస్ట్రోజన్ పొరను పెంచుతుంది. గుడ్డు విడుదలకు ముందు స్కాన్‌లో మూడు గీతల్లా కనబడుతుంది. విడుదలయ్యాక ప్రొజెస్టరోన్ ప్రభావంతో గీతలు చెరిగిపోయి మొత్తం తెల్లగా అవుతుంది. ఇది మందుల్లేని నెల కథ.

క్లోమిఫిన్ చేసే పనేమిటంటే, ఈస్ట్రోజన్ వచ్చి తగులుకునే చోట తానే కూర్చుంటుంది. మెదడులో అలా కూర్చోబట్టే శరీరం ఈస్ట్రోజన్ చాలట్లేదనుకుని గుడ్లను ఇంకా పెంచుతుంది. గర్భాశయం పొరలోనూ అదే పని చేస్తుంది, అంచేత కొందరిలో పొర పల్చబడుతుంది. మా భాషలో చెప్పాలంటే ఒక చోట ఫీచర్, ఇంకో చోట బగ్, రెండింటికీ కోడ్ ఒకటే. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయం. మరి మందు మీరే ఇచ్చి, అది దాని పని అది చేస్తే, ఆమె పొర పల్చనని పేరు పెట్టడమేమిటండీ?

ఐవీఎఫ్ ఇంజెక్షన్లతో కథ వేరు. ఒకేసారి చాలా గుడ్లు పెరిగి, ఈస్ట్రోజన్ బాగా ఎక్కువై, పొర సాధారణంగా దళసరిగానే కనబడుతుంది. కానీ ప్రొజెస్టరోన్ ముందే పెరిగితే పొర పిండం కన్నా ముందుకెళ్ళిపోతుంది. మిల్లీమీటర్లలో అది కనబడదు.

అసలు ఆ అంకె సంగతి చూద్దాం. గర్భాశయాన్ని సరిగ్గా నిలువు మధ్యలో చూస్తూ, పొర అన్నిటికన్నా మందంగా ఉన్న చోట, రెండు వైపులా కలిపి కొలవాలి. లోపల నీరుంటే అది లెక్కలోకి రాదు. ప్రోబ్ కాస్త వాలినా, కర్సర్ కాస్త పక్కన పడినా అంకె మారుతుంది. అలాంటి కొలతకి 7 దగ్గర గోడ కట్టి, 6.5 అంటే ఫెయిల్, 7.1 అంటే పాస్ అంటే ఎలా? 2014లో పది వేలకు పైగా ఐవీఎఫ్ సైకిళ్ళను కలిపి చూసిన విశ్లేషణలో, 7 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళలో సుమారు 23 శాతం, ఎక్కువ ఉన్నవాళ్ళలో 48 శాతం గర్భం దాల్చారు. తేడా ఉంది, కాదనను. కానీ 23 అంటే సున్నా కాదు! పైగా ఎవరికి గర్భం వస్తుందో ఒక్క మందాన్ని బట్టి చెప్పలేమని కూడా తేల్చారు. ఇహ మందులతో చేసే ఐయూఐ మీద 2017లో వచ్చిన విశ్లేషణలో పొర మందానికీ గర్భానికీ సంబంధం ఉందనడానికి ఆధారమే దొరకలేదు. మాది ఐయూఐ.

నిజంగా పల్చని పొరలు లేవనట్లేదు. డీ అండ్ సీ తర్వాత లోపల అతుక్కుపోవడం, మన దేశంలో గర్భాశయ క్షయ, ఇవి చిన్న విషయాలు కావు. అయితే అవి మందుల్లేని నెలలో 8.8 ఉండి, మాత్ర వేసుకున్న నెలలో 6.5కి పడిపోయినప్పుడు మొదట అనుమానించాల్సినవి కావు.

మాకు తర్వాత పీఆర్పీ చేద్దామన్నారు. మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు తీసి గర్భాశయంలోకి ఎక్కిస్తారట, పొర పెరగడానికి. దీన్ని యూరప్ సంతాన వైద్యుల సంఘం 2023 సూచనల్లో సిఫారసు చెయ్యలేదు. మాత్ర మార్చి చూద్దామని మాత్రం ఎవరూ అనలేదు. లెట్రోజోల్ పొర దగ్గర ఈస్ట్రోజన్‌కి అలా అడ్డు కూర్చోదు. సంతానం కోసం దాన్ని వాడకుండా మన ప్రభుత్వం 2011లో పెట్టిన నిషేధం కూడా 2017లోనే పోయింది.

నేనడిగేది పెద్దదేం కాదు. రిపోర్టులో ఆ అంకె పక్కన ఎన్నో రోజో, ఏ మందు మీద ఉన్నారో, పొర మూడు గీతలుగా ఉందో లేదో రాయండి. ఒక్క లైను. మా ఆవిడ ఆ కాగితాన్ని ఇంకా ఫైల్లో దాచింది. "పల్చని ఎండోమెట్రియం" అని పెద్దక్షరాల్లో ఉంది. క్లోమిఫిన్ అన్న మాట మొత్తం పేజీలో ఎక్కడా లేదు.